ఆరుగురుంటేనే వచ్చే బిళ్ళ

మహాశివరాత్రి వెళ్ళిన తర్వాతి మంగళవారం, ఉదయం పదకొండు గంటలకు, మా మిరప కళ్ళంలో కూర్చుని కాయలు ఏరుతూ ఏరుతూ ఆ కాయల మీదకే ఒరిగిపోయాను. గంట ఎట్లా తెలుసంటే, మా ఊరికి అవతల సున్నపురాయి గనిలో రోజూ ఆ వేళకే తూటా పేలుస్తారు. తూటా చప్పుడు విన్నాను. కింద నేల అదిరింది. ఆ తర్వాత ఏమీ వినలేదు.

మిగతాదంతా మా చిన్నకోడలు చెప్పగా తెలిసింది. తూటాకు జడుసుకున్నానని ఒకామె అన్నదట. నలభై ఏళ్ళుగా వింటున్న చప్పుడుకు ఇవాళ జడుసుకుంటానా? మిరప ఘాటు తలకెక్కిందని ఇంకొకామె ఉల్లిపాయ చితక్కొట్టి ముక్కు దగ్గర పెట్టింది. మా కోడలు మాత్రం ఎవరి మాటా వినకుండా ఇంట్లోకి పరుగెత్తి నా బిళ్ళల డబ్బా బోర్లించింది. అందులోంచి కాస్త పొడి రాలిందట, అంతే.

ఆ బిళ్ళ సంగతి ముందు చెప్పాలి.

నా ఆఖరి కాన్పు ఇంట్లోనే అయింది. బిడ్డ బాగానే పుట్టాడు. నాకు మాత్రం రక్తం ఆగలేదు. ట్రాక్టరు మీద పడుకోబెట్టి ఆసుపత్రికి చేర్చేసరికి కింద పరిచిన గోనెపట్టాలన్నీ తడిసిపోయాయి. ఎట్లాగో బతికాను. బిడ్డకు పాలు రాలేదు. ముట్టు మళ్ళీ రాలేదు. కనుబొమలు రాలిపోయాయి. రోళ్ళు పగిలే ఎండల్లో నాకు దుప్పటి కావాల్సి వచ్చేది. నాలుగు బారలు పత్తి తీసేసరికి కళ్ళు బైర్లు కమ్మేవి. మా అత్త దానికి పెట్టిన పేరు బద్ధకం. ఊరంతా ఆ పేరే ఖాయం చేసింది. ఆ పేరుతోనే పిల్లల పెళ్ళిళ్ళు చేశాను, మనవళ్ళను ఎత్తుకున్నాను.

చాలా ఏళ్ళకు, జ్వరంలో స్పృహ తప్పితే గుంటూరు తీసుకుపోయారు. అక్కడ ఒక డాక్టరమ్మ నా మొహం వంక కాసేపు చూసి ఒకటే అడిగింది. "ఆఖరి కాన్పులో రక్తం బాగా పోయిందా అమ్మా?" అన్నేళ్ళలో ఎందరు డాక్టర్లకు చూపించుకున్నానో లెక్కలేదు. ఆ ముక్క అడిగింది ఆమె ఒక్కతే.

తలలో శనగగింజంత గ్రంథి ఒకటి ఉంటుందట. రక్తమంతా పోయిన ఆ రోజు అది ఎండిపోయిందట. ఒంటికి ఓపిక ఇచ్చే సరుకు తయారు చేయమని కింది గ్రంథులకు చెప్పేది అదే. చెప్పేది ఎండిపోయాక చేసేది చేతులు ముడుచుకుని కూర్చుంది. "ఇది రోగానికి వేసే మందు కాదమ్మా. నీ ఒంట్లో తయారు కావాల్సింది తయారు కావట్లేదు కాబట్టి బయట నుంచి పోస్తున్నాం. ఒక్క పూట కూడా మానకూడదు. జ్వరమొస్తే రెట్టింపు వేసుకో. వాంతులై బిళ్ళ నిలవకపోతే ఆసుపత్రికి పరుగెత్తు" అంది. బిళ్ళలు మొదలుపెట్టాక వారం తిరక్కుండా లేచి మా కల్లాపి నేనే చల్లాను. అప్పటికి మా అత్త లేదు. ఉంటే చూపించేదాన్ని.

బిళ్ళలు రెండు రకాలు. ఒకటి థైరాయిడ్‌ది. అది ఏ కొట్లో అడిగినా దొరుకుతుంది, ఎందుకంటే ఆ జబ్బు ఇంటికొకరికి ఉంది. జబ్బు వస్తే పదిమందికీ వచ్చే జబ్బే రావాలి. నా గొడవంతా రెండోదానితోనే. దాని పేరు హైడ్రోకార్టిసోన్.

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక, పొదుపు సంఘం వాళ్ళు పెట్టిన బడిలో. వేలిముద్ర వేసిన చేత్తో సంతకం పెట్టాను. ఇక నా మందులు నేనే చదువుకుంటానని సంబరపడ్డాను. తీరా చూస్తే ఆ అట్ట మీద ఒక్క తెలుగు అక్షరం లేదు. అంతా ఇంగ్లీషు. సరే, గుర్తు పెట్టుకున్నాను. మొదటి అక్షరం ఒకే మెట్టున్న నిచ్చెనలాగా ఉంటుంది. నిచ్చెన ఉంటేనే తీసుకుంటాను, లేకపోతే తిప్పి కొడతాను.

మా ఊళ్ళో పురుగు మందుల కొట్లు నాలుగున్నాయి. తామర పురుగుకు కొత్త మందు వచ్చిందంటే సాయంత్రానికి అరలో ఉంటుంది. డబ్బులు కాయలమ్మాక ఇద్దువుగాని అని ఇంటికి తెచ్చి మరీ ఇస్తారు. మొక్కకు ఉన్న దిక్కు నాకు లేదు. మండలంలో ఉన్న మందుల కొట్టుకు పోయి చీటీ చూపిస్తే, కొట్టాయన లోపలికి వెళ్ళి ఒక గొట్టం తెచ్చాడు.

"ఇదుగో పెద్దమ్మగారూ, ఇదే పేరు."

"ఇదేంది? పళ్ళపేస్టా?"

"ఆయింట్‌మెంటండీ. దురదలకి."

"నాకు దురద లేదయ్యా. మింగేది కావాలి."

"మింగేది రాదండీ. ఎవరూ అడగరు."

"నేను అడుగుతున్నా కదా. నేను ఎవర్నీ కాదా?"

ఆయన మంచివాడే. నవ్వి, గుంటూరు నుంచి తెప్పిస్తానన్నాడు. కొన్నాళ్ళు తెప్పించాడు కూడా. ఒక నెల దొరికేది, ఒక నెల దొరికేది కాదు. దొరికిన నెల, నా బిళ్ళల ఖర్చు మా ఇంటి బియ్యం ఖర్చును దాటేది. దొరకని నెల, మా చిన్నవాడు కాయలతో మిరప యార్డుకు వెళ్ళినప్పుడు గుంటూరులో కొట్టు కొట్టుకూ తిరిగేవాడు. ఒకచోట స్టాకిస్టుకు రావట్లేదన్నారు. ఇంకోచోట కంపెనీ ఆపేసిందన్నారు. మూడోచోట ఉన్నాయిగానీ వేరే కంపెనీవి, ఖరీదు దాదాపు రెట్టింపు. పెద్దాసుపత్రిలో ఉచితంగా ఇచ్చేది ఇంకో రకం. మొదట్లో కొన్నాళ్ళు అది వాడితే నా మొహం గుమ్మడికాయలాగా ఉబ్బి, లేని షుగరు వచ్చి కూర్చుంది. అందుకే డాక్టరమ్మ దాన్ని మాన్పించి దీన్ని రాసింది.

ఈ ఏడు సంక్రాంతి దాటగానే సరఫరా పూర్తిగా ఆగింది. మండలం కొట్టాయనకు ఫోను చేస్తే "రేపొస్తయ్ పెద్దమ్మగారూ" అంటాడు. రేపు చేస్తే మళ్ళీ రేపంటాడు. రేపే కదా అని నేను మాకు తెలిసిన పద్ధతి పట్టాను. కాలవలో నీళ్ళు తగ్గినప్పుడు మిరప తోటను మొత్తం తడపం. సాలు విడిచి సాలు తడుపుతాం. తోట కాస్త వాడుతుంది గానీ చావదు, మళ్ళీ నీళ్ళొచ్చాక తిప్పుకుంటుంది. అట్లాగే నేనూ ఒక పూట వేసుకుని ఒక పూట మానాను. తర్వాత బిళ్ళను సగం చేశాను. ఆ సగాన్నీ చిదిపాను. శివరాత్రి నాడు తిరునాళ్ళకు పోయినవాళ్ళు తెచ్చిన జీళ్ళు చేతిలో పెడితే నోట పెట్టబుద్ధి కాలేదు. ఒళ్ళు వెచ్చగా ఉంది. రెట్టింపు వేసుకోవాల్సిన రోజు అది. ఉన్నది పొడి.

తోట వేరు, ఒళ్ళు వేరు. ఆ తేడా మంగళవారం పదకొండింటికి తెలిసింది.

మా వీధి చివర పరుపులు కుట్టే నూర్‌బాషాల ఆయన ట్రాలీ ఆటో కూడా నడుపుతాడు. ఆ పూట మా కాయల బస్తాలు ఎత్తుకుపోవడానికి వచ్చి ఉన్నాడు. సగం ఎత్తిన బస్తాల మీదే నన్ను పడుకోబెట్టారు. నేను మండలం ఆసుపత్రిలోకి వెళ్ళేటప్పటికి నా చీరంతా మిరప పొడే. స్ట్రెచరు తోసినవాడి దగ్గర్నుంచి వార్డులో ఉన్న రోగులదాకా ఒకటే తుమ్ములట. "మీ అత్తని ముందు బైట దులిపి తీసుకురా తల్లీ" అని ఆయా అరిచిందట మా కోడలి మీద.

మా కోడలు డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ అక్కడి కుర్ర డాక్టరు మొహానికి అడ్డంపెట్టి, "ముందు ఇది చదవండి, తర్వాత నాడి చూద్దురు" అన్నదట. ఆయన చదివాడు. వెంటనే సూది వేశాడు. సెలైను పెట్టాడు. మధ్యాహ్నానికి నేను కళ్ళు తెరిచి, మజ్జిగన్నం అడిగాను.

ఆ కుర్రాయన మంచం దగ్గరకొచ్చి మందలించాడు.

"బిళ్ళలు దొరక్కపోతే మా దగ్గరకు రావాలి కదమ్మా. దొరికేదాకా వేరేది రాస్తాం. సగాలు చేసుకుంటారా ఎవరైనా? ప్రాణం పోయేది తెలుసా?"

"తెలుసయ్యా. రేపొస్తయ్ రేపొస్తయ్ అంటే రేపటిదాకా సరిపెట్టుకున్నాం. ఇక రావు అని ఒక్కడన్నా నిజం చెప్పుంటే ఆ రోజే వచ్చేదాన్ని. సరేగానీ, ఇప్పుడేసిన సూదిలో ఏముంది?"

"మీ బిళ్ళలో ఉన్న మందే."

"అది మీ దగ్గర ఎప్పుడూ ఉంటదా?"

"ఎప్పుడూ ఉంటుంది. ఉబ్బసం వాళ్ళకి వేస్తాం."

నాకు ఒళ్ళు మండింది. దురదకు పూసుకునేది ఉంది. ఉబ్బసానికి పొడిచేది ఉంది. ఒకే మందట. మింగేదాన్ని నమ్ముకుని బతికేదానికి మాత్రం మింగేది లేదు. ఎవరిని తిట్టాలో తెలిస్తే ఆ మంచం మీద నుంచే తిట్టి ఉండేదాన్ని.

నా బిళ్ళ దొరికేదాకా మొహం ఉబ్బించే ఆ రకమే రాసిచ్చాడు ఆయన. దాన్ని తీసుకోవడానికి ఆసుపత్రి ఎదురుగా ఉన్న కొట్టుకు వెళ్ళాం. అదే నా 'రేపు' కొట్టు. నేను తూలుతూ వచ్చి నిలబడేసరికి ఆయన మొహం పాలిపోయింది.

"ఉన్నమాట చెప్తా పెద్దమ్మగారూ. అవి పెట్టెల లెక్కన ఇస్తారు. పెట్టె తెప్పిస్తే మీరు వాడేది కొంచెం. మిగతాది నా అరలో తేదీ దాటిపోద్ది. వాపసు తీసుకోరు."

"ఎంతమందుంటే తెప్పిస్తావు?"

"నెలనెలా తీసుకునేవాళ్ళు ఒక ఆరుగురుంటే, మీకు ఏ నెలా లేదనే మాట రాదు. ధర కూడా తగ్గించి ఇస్తా. ఆరుగురు."

ఇది నాకు అర్థమయ్యే భాష. పది బస్తాల కోసం గుంటూరు నుంచి లారీ రాదు. పక్క చేలవాళ్ళు తలా కాసిని బస్తాలు కలిపితే వస్తుంది. దాన్ని మేం పొత్తు అంటాం. మందుబిళ్ళకు కూడా పొత్తు కావాలని నాకెవరూ ముందు చెప్పలేదు. మా కోడలు అప్పుడే కళ్ళంలో ఉన్న మేస్త్రమ్మకు ఫోను చేసింది. అత్తయ్య లేచి కూర్చుందనీ, మజ్జిగన్నం తిందనీ, బిళ్ళ కావాలంటే ఆరుగురు కలవాలన్నారనీ చెప్పింది. ఆ ఆరుగురు ఎవరై ఉండాలో మాత్రం చెప్పలేదు.

మేస్త్రమ్మ అంటే కనిగిరి అవతల మెట్ట ఊళ్ళ నుంచి కోతలకు వచ్చే ఆడవాళ్ళ ముఠాకు పెద్ద. వాన లేని నేల వాళ్ళది. కోత మొదలైనప్పుడు వచ్చి, కాయ ఏరి బస్తాకెక్కేదాకా మా కళ్ళం పక్కన పాకలేసుకుని ఉంటారు.

పొద్దు వాలుతుండగా మా ట్రాలీ ఆటో కళ్ళం దగ్గర ఆగింది. నేను నా కాళ్ళ మీద దిగాను. కాయలేరే ఆడవాళ్ళంతా లేచి నిలబడ్డారు. ఒకామె దణ్ణం పెట్టింది.

"పెద్దమ్మా!" అని మేస్త్రమ్మ ఎదురొచ్చింది. "పదకొండింటికి పీనుగువి. పొద్దు గూకకముందే మడిసివైనావు. నీ పెట్టె నిండింది పో!"

"ఏం పెట్టె?"

"ఆరుగురు కావాలన్నారంట గదా. ముఠా మొత్తం ఉన్నాం. తలా ఒక వాటా. అందరం మింగుతాం."

"మీకెందుకే?"

"నడుం పట్టేసింది నాకు. దీనికి మోకాళ్ళు. ఆ కడగొట్టుదానికి రాత్రి అయితే చేతులు మంటలు. సచ్చినదాన్ని లేపే బిళ్ళ, నొప్పులు తియ్యదా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పొత్తు అనగానే వాళ్ళకు లారీయే తోచింది. లారీలో ఎవరి బస్తా అయినా ఎక్కుతుంది. చూసింది కూడా కళ్ళారా. పొద్దున మోసుకుపోయారు, సాయంత్రం నడిచి వచ్చాను. ఆ బిళ్ళ గొప్పదనం గురించి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

మా కోడలు నా చెవిలో, "ఒప్పుకోండి అత్తయ్యా. పెట్టె వస్తది. తర్వాత సంగతి తర్వాత" అంది.

దాని బాధ నాకు తెలుసు. పొద్దున ఖాళీ డబ్బా బోర్లించిన చెయ్యి దానిది. ఊఁ అంటే చాలు, మరో నెలలో నా ఇంట్లో బిళ్ళలు ఉంటాయి. చీటీ లేకుండా కూడా ఇచ్చే కొట్లు ఉన్నాయని అందరికీ తెలుసు. ముఠా ఆడవాళ్ళు మింగుతారు, మొదట్లో నొప్పులు కూడా తగ్గుతాయి, నాకు దణ్ణాలు పెడతారు. కోతలైపోయాక కనిగిరి వెళ్ళి మానేస్తారు. అక్కడ పడిపోతే మోసుకుపోయేదెవరు?

"కూర్చోండే అందరూ" అన్నాను. "మీ ఊళ్ళో బోరుందా?"

"ఉంటే ఇక్కడికెందుకొస్తాం?" అన్నారు.

"ఉందనుకోండి. బోరులో నీళ్ళుండగా, ఊరికే వస్తున్నయ్ గదా అని ట్యాంకరు నీళ్ళకు అలవాటు పడ్డారు. బోరు ముట్టుకోవడం మానేశారు. ఏడాదికి మోటారు తుప్పు పట్టింది. అప్పుడు ట్యాంకరు రాలేదు. గతేంది?"

"గొంతెండి సావడమే."

"నాది ఎండిపోయిన బోరు. నాకు ట్యాంకరే గతి. మీ బోర్లు బాగున్నయ్. ట్యాంకరు జోలికి పోయి చెడగొట్టుకోమాకండి. ఈ బిళ్ళ మీలో ఎవరన్నా మింగినట్టు తెలిస్తే చెంప పగలగొడతా."

"అబ్బో, లేచి గంట కాలా, కొట్టేదాకా వచ్చింది" అని మోకాళ్ళామె మూతి తిప్పింది. మేస్త్రమ్మ మొహం చిన్నబోయింది. పాపం, నాకోసమే కూడగట్టింది. నిండిన పెట్టెను నా నోటితో నేనే ఖాళీ చేశాను.

అందరూ గొణుక్కుంటూ కాయల్లోకి వంగారు. అప్పుడు చూశాను, రాశి చివర కూర్చున్న మనిషిని. మేస్త్రమ్మ తోటికోడలు ఆమె. పొత్తులో వాటా అడగని మనిషి ఆ ముఠాలో ఆమె ఒక్కతే. కాయల వేడికి అందరి మొహాలూ చెమటతో కారుతుంటే ఆమె మొహం పొడిగా ఉంది. ఆ వేడిలో భుజాల చుట్టూ దుప్పటి కప్పుకుని ఉంది. కోతలు మొదలైనప్పటి నుంచీ రోజూ చూస్తున్నాను ఆమెను. చూడలేదు. దగ్గరకెళ్ళి గడ్డం పట్టుకుని మొహం పైకెత్తాను. కనుబొమలు లేవు.

"నువ్వెందుకు అడగలేదే?"

"నాకు అరకూలే గద పెద్దమ్మా. నేనేడ కొంటా?"

"అరకూలి ఎందుకు?"

ఆమె బదులు మేస్త్రమ్మే చెప్పింది. "చెయ్యి సాగదు దానికి. అందరూ రెండు సాళ్ళు కోసేసరికి అది ఒకటి కొయ్యదు. బద్ధకం పెద్దమ్మా. పుట్టుబద్ధకం."

ఆ మాట వినగానే ఎక్కడ లేని కోపం వచ్చింది. "నోర్ముయ్" అన్నాను మేస్త్రమ్మను. ఆమె బిత్తరపోయింది. తోటికోడలి వైపు తిరిగాను.

"కాన్పులో రక్తం పోయిందా?"

తల ఊపింది.

"బిడ్డకు పాలిచ్చావా?"

"రాలా. మా అక్కే ఇచ్చింది" అని మేస్త్రమ్మను చూపించింది.

మేస్త్రమ్మ చేతిలో కాయలు అట్లాగే ఉండిపోయాయి. "మళ్ళా ముట్టు కూడా రాలేదు దీనికి" అంది నెమ్మదిగా. "అదృష్టవంతురాలివే, పీడ పోయింది అనేవాళ్ళం."

నా దగ్గరున్న ఆ మొహం ఉబ్బించే బిళ్ళలు అక్కడికక్కడే ఆమెకు ఇవ్వాలనిపించింది. ఇవ్వలేదు. ఇప్పుడే అందరికీ నీతులు చెప్పి, పరీక్ష చేయకుండా నేనే ఎట్లా ఇస్తాను? శుక్రవారం కాయల బస్తాలు యార్డుకు వెళ్ళేటప్పుడు అదే ట్రాలీ ఆటోలో ఇద్దరం గుంటూరు వెళ్ళాం. మేస్త్రమ్మ తన పని మానుకుని మాతో వచ్చింది. డాక్టరమ్మ తోటికోడలి మొహం చూసి, నన్ను అడిగిన మాటే అడిగింది. రక్తపరీక్షలు నేను అనుకున్నట్టే వచ్చాయి.

ఇప్పుడు ముఠా వాళ్ళ ఊరు వెళ్ళిపోయింది. ఆ తోటికోడలి నుంచి నెలనెలా ఫోను వస్తుంది. వాళ్ళ వైపు కూడా కొట్లలో గొట్టమే చూపిస్తున్నారట. ఒకసారి ఆమెకు దొరికితే నాకు బస్సులో పంపిస్తుంది, ఒకసారి నాకు దొరికితే నేను పంపిస్తాను. ఇద్దరికీ దొరకని నెల, మొహాలు ఉబ్బే రకం మింగి, ఫోనులో ఒకరినొకరం గుమ్మడికాయా అని పిలుచుకుంటాం. సగాలు మాత్రం చేయం. మండలం కొట్టాయనకు ఇద్దరమయ్యామని చెప్పాను. "మంచిది పెద్దమ్మగారూ, ఇంక నలుగుర్ని చూడండి" అన్నాడు. ఆరుగురిని వెతికి తెచ్చే పని జబ్బుదానిదట. అమ్మేవాడిది కాదు, చేసేవాడిది కాదు, సర్కారుది అసలే కాదు.

వెతుకుతున్నాను. బస్సెక్కితే ఎండలో దుప్పటి కప్పుకున్న ఆడమనిషి ఉందేమోనని చూస్తాను. పెదకాకాని గుడికి పోయినా దేవుడి కంటే ముందు వరసలో ఉన్నవాళ్ళ కనుబొమలు చూస్తాను. కాన్పు సంగతి అడిగితే తిట్టినవాళ్ళు కూడా ఉన్నారు. తిట్టనీ. ఇంకా నలుగురు కావాలి. ఉండకపోరు. ఎక్కడో ఎవరి చేతో బద్ధకం అనిపించుకుంటూ ఉండే ఉంటారు.

ఆ మంగళవారం కళ్ళంలోనో ఆసుపత్రి దగ్గరో ఉన్నవాళ్ళం వీళ్ళం: నేను, డబ్బా బోర్లించిన మా చిన్నకోడలు, నన్ను బస్తాల మీద మోసుకెళ్ళిన నూర్‌బాషాల ఆయన, తుమ్ముతూ అరిచిన ఆయా, సూది వేసిన కుర్ర డాక్టరు, రేపు కొట్టాయన, కనిగిరి మేస్త్రమ్మ, మూతి తిప్పిన మోకాళ్ళామె, చేతుల మంటల కడగొట్టుది, ఉల్లిపాయ తెచ్చినామె, దణ్ణం పెట్టినామె, ముఠాలో మిగతా ఆడవాళ్ళు, రాశి చివర దుప్పటి కప్పుకుని కూర్చున్న ఆ మేస్త్రమ్మ తోటికోడలు.